రైడ్లలోని వింత నుంచి పాయల్లోని కథ దాకా: థీమ్ పార్కును జానపద సాహస చిత్రంగా మలిచే సమగ్ర మార్గదర్శి

థీమ్ పార్కులో కథ ఉండదు. అక్కడ ఒక చోటు ఉంటుంది, ఒక వింత ఉంటుంది, ఆ వింతను చూసిన పిల్లల నోట ఒక ప్రశ్న ఉంటుంది. "ఈ గుహలో ఇదివరకు ఎవరుండేవారు నాన్నా?" అని పాప అడిగిన క్షణాన సినిమా మొదలైనట్టే. రైడ్లను ఒకదాని తర్వాత ఒకటి కెమెరాకు చూపించుకుంటూ పోతే ప్రకటన చిత్రం వస్తుంది. పాప ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే జానపదం వస్తుంది. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఈ మాట మీదే నిలబడి ఉంది.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల అమరిక గుర్తు తెచ్చుకోండి. మణిసిద్ధుడు కాశీకి కాలినడకన పోతూ ఒక గొల్ల కుర్రాణ్ణి తోడు రమ్మంటాడు. కుర్రాడు ఒక షరతు పెడతాడు: దారిలో తనకు కనిపించిన వింత గురించి మజిలీ మజిలీకీ అడుగుతాను, దాని కథ చెప్పాలి. కుర్రాడు అడుగుతాడు, అయ్యగారు చెబుతారు, అలా దారి సాగుతుంది. పార్కులో ఒక్కో రైడు ఒక్కో మజిలీ. మీ పని మణిసిద్ధుడి పని.

ఉదాహరణకు ఒక పార్కును ఊహించుకుందాం. కోనసీమలో, యానాంకు కాస్త ఎగువన, గోదావరి పాయ అయిన గౌతమి ఏటిగట్టును ఆనుకుని కొబ్బరితోటలో కట్టిన చిన్న పార్కు. చీకటి గుహలోంచి సాగే పడవ, జెయింట్ వీల్, అద్దాల గది, నీళ్ల జారుడుబల్ల, వెనక మూల రంగు వెలిసిన సిమెంటు బొమ్మలు. అడుగడుగునా ఈ పార్కునే తీసుకుని చూద్దాం. మీ పార్కు వేరైనా పద్ధతి ఇదే.

అడుగు 1: కెమెరా లేకుండా పార్కు చదవండి

టికెట్టు కొనుక్కుని పిల్లల గుంపు వెనక నడవండి. సెలవురోజు ఒకసారి, జనం లేని రోజు ఒకసారి వెళ్లండి. పిల్లలు ఎక్కడ కేకలు పెట్టారో రాసుకోనక్కర్లేదు, అది అందరికీ తెలిసేదే. ఎక్కడ గొంతు తగ్గించారో, ఎక్కడ పెద్దవాళ్ల చెయ్యి పట్టుకున్నారో, ఎక్కడ వెనక్కి తిరిగి మళ్లీ చూశారో రాసుకోండి. కథ ఉండేది అక్కడే.

తర్వాత యాజమాన్యాన్ని అడిగి పార్కు వెనక వైపు చూడండి. పంపుల గది, మోటార్ల గది, విరిగిన బొమ్మలు పడేసే షెడ్డు, రైడు లోపల మరమ్మతు చేసేవాళ్లు నడిచే ఇరుకు దారి. ముందువైపు అందరూ చూసిందే. జానపద లోకానికి కావలసిన పాతాళం వెనకవైపు దొరుకుతుంది. తల విరిగిన సింహం, ఒక చెయ్యి లేని గంధర్వుడు గోడకు ఆనుకుని నిలబడి ఉంటే కళాదర్శకుడికి అంతకంటే ఏం కావాలి?

రైడు నడిపేవాళ్లతో మాట్లాడడం మాత్రం మానకండి. ఏ మలుపులో పడవ ఆగిపోతుంటుందో, ఏ దీపం ఊరికే ఆరిపోతుందో, రాత్రి పార్కు మూశాక ఏ చప్పుడు వినిపిస్తుందో వాళ్లకే తెలుసు. సినిమాలో సగం సన్నివేశాలు వాళ్ల మాటల్లోంచే పుడతాయి.

అడుగు 2: ముందు దారి వేసినవాళ్లను చూడండి

డిస్నీల్యాండ్‌లో ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ పడవ రైడు 1967లో మొదలైంది. దానిమీద సినిమా వచ్చింది 2003లో. రైడులో నాయకుడు లేడు, కథ లేదు. బంగారం గుట్టల మీద అస్థిపంజరాలు, తగలబడుతున్న రేవుపట్నం, జైలు ఊచల్లోంచి చేతులు చాచిన ఖైదీలు, తాళంచెవులు నోట కరుచుకుని దగ్గరకు రాని కుక్క ఉన్నాయి. సినిమావాళ్లు కుక్కను ఉన్నదున్నట్టు తీసుకున్నారు, కానీ కథను దానిమీద నిలబెట్టలేదు. చచ్చినవాళ్లు బంగారం దగ్గర ఇంకా ఎందుకున్నారన్న ప్రశ్నకు శాపం అనే జవాబు కట్టారు: దొంగిలించిన నాణేలన్నీ తిరిగి చేర్చేదాకా చావు రాదు, వెన్నెట్లో అసలు రూపం దాగదు. అస్థిపంజరాల బొమ్మలకు కారణం దొరికింది. సినిమా ఎంతగా నిలిచిందంటే 2006లో అందులోని నాయకుడి బొమ్మను తెచ్చి రైడులోనే పెట్టారు.

‘జంగిల్ క్రూజ్’ది మరో దారి. రైడు 1955లో డిస్నీల్యాండ్ తెరిచిన నాటిది, సినిమా 2021లో వచ్చింది. రైడులో పడవ నడిపేవాడు దారిపొడవునా ఛలోక్తులు విసురుతాడు, ప్రమాదాలన్నీ ఉత్తుత్తివి. సినిమాలో నాయకుడు కూడా యాత్రికులను పడవెక్కించి, తాను ముందే అమర్చిన దొంగ ప్రమాదాలు చూపించి డబ్బు వసూలు చేస్తాడు. ఆ తర్వాత నిజమైన ప్రమాదం వస్తుంది. రైడు నకిలీ అన్న సంగతిని దాచకుండా దాన్నే మొదటి అంకం చేశారు. చిన్న బడ్జెట్టుతో తీసేవారికి ఈ దారి చాలా ఉపయోగం. మీ సిమెంటు బొమ్మలు సిమెంటు బొమ్మల్లాగే కనిపించినా ఫర్వాలేదు, కథలోనూ అవి సిమెంటు బొమ్మలే కనుక.

అడుగు 3: ఒకే ఒక ప్రశ్న ఎంచుకోండి

రాసుకున్న ప్రశ్నల్లోంచి ఒక్కటే తీసుకోవాలి. దానికి రెండు గుణాలుండాలి. ఎనిమిదేళ్ల పిల్లకు అర్థం కావాలి, అరవై ఏళ్ల మనిషికి ఎక్కడో కలుక్కుమనాలి.

మన ఉదాహరణలో గుహ పడవనే చూడండి. ఎక్కిన రేవులోనే దిగుతాం. అయితే గుహ చివరి మలుపులో గోడకు ఒక ఇనుప తలుపు ఉంది, దాని సందులోంచి నీళ్లు చెమ్మగా కారుతుంటాయి. "ఆ తలుపవతల ఏముంది?" అన్నది పిల్ల ప్రశ్న. పెద్దవాడి ప్రశ్న వేరు. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని చెబుతారు: తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ. ఆ ఏడు సంగమాల్లో స్నానాలు చేస్తూ సాగే సప్తసాగర యాత్ర కూడా ఉంది. ఇవాళ పటంలో పెద్ద పాయలుగా కనిపించేవి గౌతమి, వసిష్ఠ, వసిష్ఠ నుంచి చీలిన వైనతేయ. కొన్ని పేర్లు ఇప్పుడు కాలువలకే మిగిలాయి. మరి తక్కిన పాయలు ఎటు పోయాయి?

రెండు ప్రశ్నలూ కలిస్తే కథ తేలిపోతుంది: ఆ తలుపవతల, జనం మరిచిపోయిన పాయ ఇంకా పారుతూనే ఉంది.

అడుగు 4: ఒక్కో రైడుకు డెల్టాలో దాని అసలు రూపం వెతకండి

ఈ అడుగు మీద ఎక్కువ కాలం గడపండి. పార్కులో ఉన్నది నకలు, తలుపవతల ఉన్నది అసలు అన్న లెక్కన ప్రతి రైడుకూ ఒక జత కట్టాలి. ఇక్కడ పరాయి దేశాల కోటలు, డ్రాగన్లు తెచ్చుకుంటే సినిమా ఎవరిదీ కాకుండా పోతుంది. చుట్టూ ఉన్న నేలను చూడండి, అంతా దొరుకుతుంది.

అద్దాల గదిని తీసుకుందాం. నాట్లకు ముందు దమ్ము చేసిన చేను ఎప్పుడైనా పొద్దున్నే చూశారా? మడి నిండా నీళ్లు, గట్లు తప్ప ఇంకేమీ కనిపించవు, ఆకాశమంతా కిందికి దిగి ఉంటుంది. అద్దాల గదికి అసలు రూపం అదే. పార్కు గదిలో మన మొహం వంకరగా కనిపిస్తుంది. అవతలి లోకంలో, దమ్ము చేసిన చేలో, మనల్ని కన్నవాళ్ల మొహాలు కనిపిస్తాయి. పైసా గ్రాఫిక్స్ లేకుండా ఈ సన్నివేశం తీయవచ్చు: గాలి లేని తెల్లవారుజాము, కెమెరా గట్టు ఎత్తులో, నీడ పడే మనిషి ఒకరు, గట్టు మీద నడిచే మనిషి మరొకరు. రెండు షాట్లు విడిగా తీసి అంచు దగ్గర కలిపితే చాలు.

జెయింట్ వీల్‌కు జత కోనసీమలోని జగ్గన్నతోట తీర్థంలో కనిపించే ప్రభలు. కనుమ నాడు పదకొండు ఊళ్ల రుద్రులు ఆ తోటలో కొలువుదీరతారు. వెదుళ్లతో కట్టి, రంగు గుడ్డలతో అలంకరించిన ప్రభలను జనం భుజాల మీద ఎత్తుకుని పచ్చటి చేలలోంచి నడుస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నీళ్లలోంచి దాటి వస్తాయి. తెర మీద జెయింట్ వీల్ సగం నీళ్లలో మునిగి, మిగతా సగం ప్రభగా మారి కదిలొస్తే కోనసీమ ప్రేక్షకుడు కుర్చీలో ముందుకు జరుగుతాడు. ఒక మాట: తీర్థం నాడు భక్తుల మధ్యలోకి నటులను తోసి దృశ్యాలు తీయకండి. ప్రభలు కట్టే పనివాళ్లను పిలిచి, మీ కథకోసం మీ కొలతలతో, దేవుడి గుర్తులు లేని ప్రభ కట్టించుకోండి. వెదురు ఎలా వంచుతారో, ముడి ఎలా వేస్తారో వాళ్లకు తెలిసినంత ఏ సెట్ డిజైనరుకూ తెలియదు.

నీళ్ల జారుడుబల్లకు జత ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ కట్టించిన ఆ ఆనకట్ట లేకపోతే ఈ డెల్టా పచ్చదనం ఇలా ఉండేది కాదు. అవతలి లోకంలో అక్కడ ఒక కాపలాదారు ఉంటాడు. దాటాలనుకున్నవాణ్ణి ఒకటే అడుగుతాడు: "నీళ్లు కొన్నే ఉన్నాయి, ముందు ఎవరికి వదలను?" ఎగువ రైతుకని చెప్పినవాడు అక్కడే ఆగిపోతాడు. శివారు చేను గుర్తున్నవాడికే దారి. కాలువ చివర పొలమున్న ఏ కుటుంబానికైనా ఈ సన్నివేశం విడమరిచి చెప్పనక్కర్లేదు.

పాడుబడిన బొమ్మల షెడ్డుకు జత యానాం దగ్గరి కోరింగ. ఒకప్పుడు ఓడలు కట్టిన, ఓడలు ఆగిన ఆ రేవును 1839 నవంబరు తుఫాను దెబ్బతీసింది. ఇవాళ ఆ చుట్టుపక్కల మడ అడవి, నీటిపిల్లులు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు. మునిగిపోయిన ఓడలను నడిపిన సరంగులందరూ అక్కడ ఇంకా పోటు కోసం, అంటే సముద్రపు నీరు ఎక్కే వేళ కోసం, ఎదురుచూస్తున్నారనుకోండి. ఆ ఊహ చాలు.

అడుగు 5: మాయకు నియమం, ఆ నియమానికి ధర

ఏమైనా జరగవచ్చు అన్న లోకంలో ఏం జరిగినా ప్రేక్షకుడికి పట్టదు. 1951 నాటి ‘పాతాళ భైరవి’ ఇప్పటికీ పట్టు సడలకపోవడానికి ఒక కారణం ఇదే. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే భైరవి వాళ్ల మాటే వింటుంది, మంచీ చెడూ చూడదు. ఒక్క వాక్యంలో చెప్పగలిగే నియమం అది. దానితోనే ఎత్తులూ పైఎత్తులూ నడిచాయి.

మన కథకు నియమం నదిలోనే ఉంది. సముద్రానికి దగ్గరగా ఉన్న పాయల్లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు, అంటే నీరు తీయడం. పాటు అడుగంటినప్పటి నుంచి పోటు నిండేదాకా సుమారు ఆరు గంటలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. కాబట్టి: గుహలోని ఇనుప తలుపు పోటు తిరిగే వేళ తెరుచుకుంటుంది, పోటు నిండగానే మూసుకుంటుంది. కథకు గడియారం దొరికింది. గోడ మీద ముల్లు చూపించనక్కర్లేదు, రేవు మెట్లలో ఎన్ని మునిగాయో చూపిస్తే చాలు.

ఇక ధర. తలుపు దాటిన ప్రతిసారీ దాటినవాళ్లు తమకు తెలిసిన ఒక దారి మరిచిపోతారు. వినడానికి ఇది తేలికే. మామూలు మనిషికి పెద్ద నష్టమూ లేదు. మన కథలో దాటవలసిన మనిషి మాత్రం సరంగు. అతని ఆస్తి దారులే.

అడుగు 6: మనుషులు

తాతయ్య ఒకప్పుడు జనాన్నీ బళ్లనూ ఏరు దాటించే పంటు నడిపిన సరంగు. ఏటి మీద వంతెన వచ్చాక పంటు ఆగిపోయింది. ఇప్పుడు పార్కు గుహలో పిల్లల పడవకు కూర్చుంటాడు, చుక్కాని పట్టుకున్నట్టు నటిస్తాడు, పడవ మాత్రం పంపు నీళ్ల తోపుతో దానంతటదే పోతుంది. అతని మనవరాలికి పదకొండేళ్లు. ఇద్దరే చాలు. రైడెక్కే గుంపు మొత్తాన్ని పాత్రలు చేయబోకండి.

ప్రతినాయకుణ్ణి కూడా ఈ నేలలోంచే తీసుకోవాలి. అంతర్వేది స్థలపురాణంలో రక్తావలోచనుడనే రాక్షసుడున్నాడు. అతని నెత్తురు ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అంతమంది రాక్షసులు పుడతారు. దేవుణ్ణీ పురాణాన్నీ మన కల్పనలోకి లాగొద్దు, అందులోని తర్కాన్ని మాత్రం నేర్చుకుందాం: కొట్టేకొద్దీ పెరిగే శత్రువు. మన కథలో పాయల అడుగున ఇసుక మేసే ఒక మాంత్రికుడుంటాడు. వాడు మేసిన చోట నీళ్లు కుంగిపోతాయి, పాయ చచ్చిపోతుంది. గాయపడి ఇసుక మీద పడితే పదింతలై లేస్తాడు. కత్తికి లొంగడు. ఇసుక కనపడకుండా నీళ్లు కప్పేస్తే తప్ప వాడికి చావు లేదు. అంటే పతాక సన్నివేశంలో కావలసింది యుద్ధం కాదు, నీళ్లు రావడం. ఈ మాట గుర్తుంచుకోండి, తొమ్మిదో అడుగులో చాలా డబ్బు మిగులుస్తుంది.

ముగింపు కూడా నియమంలోంచే వస్తుంది. తాతయ్య దాటుతూ దాటుతూ దారులన్నీ ఖర్చు పెట్టేస్తాడు. చివరి పోటులో ఇంటి దారి కూడా మరిచిపోతాడు. చుక్కాని మనవరాలి చేతికొస్తుంది.

అడుగు 7: స్క్రిప్టు, యాస

మొదట రెండు పేజీల కథ, తర్వాత సన్నివేశానికో వాక్యంగా రాసే వన్ లైన్ ఆర్డర్, ఆ తర్వాతే మాటలు. ఇంటర్వెల్‌కు తలుపు మొదటిసారి మూసుకుపోవాలి, మనవరాలు అటు, తాతయ్య ఇటు. పార్కులో గడిపే నిడివి మొదటి ఇరవై నిమిషాలు దాటకూడదని నా అభిప్రాయం. చూసేవాడు పార్కుకు టికెట్టు కొనలేదు, పాయకు కొన్నాడు.

మాటల్లో గోదావరి యాసను హాస్యానికి మాత్రమే వాడే అలవాటు మనవాళ్లకు బాగా పట్టుకుంది. బాధకూ, భయానికీ కూడా ఆ యాస సరిపోతుందని నిరూపించే అవకాశం ఇది.

"తాతయ్యా, ఆ తలుపవతల ఏముందంటావ్?"
"ఆయ్, అవతలా? ఏదో పాయుండేదంటమ్మా. మా నాన్న చెప్పేవోడు. దారి నాక్కూడా తెల్సు... నిన్నటిదాకా తెల్సు."

ఆ చివరి మాట నటుడు నెమ్మదిగా పలికితే సంగీతం కూడా అక్కర్లేదు.

అడుగు 8: కాగితాలు

ఈ భాగం విసుగు పుట్టిస్తుంది, అయినా వదలకండి. పార్కు యాజమాన్యంతో రాతపూర్వక ఒప్పందం కావాలి. అందులో పార్కు పేరు, గుర్తు, బొమ్మలు, రైడుల్లో మోగే సంగీతం, తర్వాతి భాగాలు, ఓటీటీ హక్కులు విడివిడిగా రాయించుకోండి. బొమ్మలు చేసిన శిల్పికీ, సంగీతం కట్టినవారికీ తమ హక్కులు తమ దగ్గరే మిగిలి ఉండవచ్చు. ఎవరు ఎవరికి ఏం రాసిచ్చారో చూడండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీదే జరగాలి. బదిలీ ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. వేరే మాట రాసుకోకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడని పక్షంలో అది చెల్లిపోతుంది. మూడూ మీ సినిమా పీకకు చుట్టుకోగల విషయాలు.

కోరింగ అభయారణ్యంలో తీయాలంటే అటవీశాఖ అనుమతి తప్పదు. కాలువలూ గట్లూ జలవనరుల శాఖవి, నది మీద పడవలకు విడిగా అనుమతులుంటాయి. డ్రోను వాడితే 2021 నిబంధనల ప్రకారం దానికి నమోదు ఉండాలి, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఎత్తు 400 అడుగులు దాటకూడదు. జంతువులుంటే షూటింగుకు ముందే జంతు సంక్షేమ మండలి అనుమతి తీసుకోవాలి.

బాలనటుల విషయంలో 2017 నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించి పిలవకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట బ్యాంకులో డిపాజిట్ చేయాలి. కథానాయిక పదకొండేళ్లదైనప్పుడు మొత్తం షెడ్యూలు ఈ అయిదు గంటల చుట్టూనే అల్లుకోవాలి.

అడుగు 9: నది పంచాంగం ప్రకారం షెడ్యూలు

డెల్టాలో కాల్‌షీట్లు, అంటే షూటింగు తేదీలు, నటులను బట్టి కాకుండా నీటిని బట్టి వేసుకోవాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద, ఎర్రనీళ్లు, పులస కాలం. ఆ రోజుల్లో ఏటి మీద షూటింగు పెట్టకండి, గట్టు మీద నుంచి నీటి దృశ్యాలు మాత్రం తీసి దాచుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటివారాల దాకా తుఫాను భయం. జనవరి, ఫిబ్రవరి బంగారం: పొద్దున్నే మంచు, మధ్యాహ్నం మెత్తటి ఎండ, నది నెమ్మది. కనుమ రోజున, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం రోజుల్లో మాత్రం ఆ దారుల్లో యూనిట్ వాహనాలు కదలవు.

పోటు వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. రేవు మెట్ల సన్నివేశం ఇవాళ సగం తీసి మిగతా సగం రేపు అదే టైముకు తీస్తే మెట్ల లెక్క తప్పుతుంది. కంటిన్యుటీ చూసే అసిస్టెంటు చేతిలో పోటు పట్టిక ఉండాలి, ప్రతి షాటుకూ ఎన్ని మెట్లు మునిగాయో రాయాలి.

ఇక అసలు కిటుకు. డెల్టా కాలువలను ఏటా వేసవిలో, మామూలుగా ఏప్రిల్ రెండో సగంలో, మరమ్మతులకు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదులుతారు. ఆ మధ్యకాలంలో ఎండి, పగుళ్లు పట్టి, ఇసుక తేలిన కాలువ అడుగు మీకు చచ్చిపోయిన పాయగా దొరుకుతుంది. సెట్టు వేస్తే లక్షలు పోసినా అంత పొడుగు రాదు. అనుమతి తీసుకుని మాంత్రికుడి సన్నివేశాలన్నీ అక్కడే తీయండి. తర్వాత నీళ్లు వదిలే రోజు తెలుసుకుని, గట్ల మీదా వంతెన మీదా కెమెరాలు పెట్టుకుని కాచుకోండి. ఎండిన నేల మీద మొదటి నీరు పాకుతూ, చెత్తను నెట్టుకుంటూ, పగుళ్లలోకి దిగుతూ వస్తుంది. మీ పతాక సన్నివేశం అదే. రెండో టేకు ఉండదు కనుక మూడు కెమెరాలైనా కావాలి: ఒకటి వెడల్పుగా, ఒకటి నీటి అంచు మీద దగ్గరగా, ఒకటి నెమ్మది వేగానికి. నటులను ఆ రోజు కాలువలోకి దింపకండి. వాళ్ల షాట్లు నెల ముందే ఎండిన కాలువలో, అదే కోణంలో తీసి, కెమెరా ఎత్తు, లెన్సు, గట్టు మీద చెట్ల గుర్తు రాసి పెట్టుకుంటే కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో కలపడం చిన్న పని.

అడుగు 10: పార్కులో కెమెరా

పార్కు రాత్రిపూట అందంగా ఉంటుంది, దాని దీపాలు మాత్రం కెమెరాకు శత్రువులు. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 24 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టరు కోణం 172.8 డిగ్రీలు పెడితే ఎక్స్‌పోజరు సెకనులో యాభయ్యో వంతు అవుతుంది, మామూలు దీపాల మిణుకు తగ్గుతుంది. రైడు మీద తిరిగే చవక ఎల్‌ఈడీలకు ఈ లెక్క చాలదు. ముందురోజే పరీక్షించి, మిణికేవాటిని మార్పించండి.

గుహ పడవలో రెండు రకాలుగా తీయండి. పంపులు నడుస్తుండగా తీసినవి పార్కు షాట్లు. పంపులు ఆపేసి, నీళ్లు నిలకడగా నిలిచాక తీసినవి అవతలి పాయ షాట్లు. నిలిచిన నీటిలో పైకప్పు నీడ పడి గుహ రెట్టింపు ఎత్తుగా కనిపిస్తుంది. అదే చోటు, అదే గోడలు, లోకం మారిపోతుంది. పొగ వాడే ముందు అగ్నిమాపక అలారాల సంగతి పార్కువాళ్లతో మాట్లాడుకోండి. అద్దాల గదిలో ఒక పలక ఊడదీసి, ఆ ఖాళీలో నల్లగుడ్డ వెనక కెమెరా పెడితే యూనిట్ ఎక్కడా కనపడదు.

మునిగిన ఓడలకు, కదిలే ప్రభకు చిన్న నమూనాలు చేయించండి. ‘మాయాబజార్’ (1957)లో ద్వారక నగరాన్ని బొమ్మ ఇళ్లతో కట్టి దీపాలు పెట్టి చూపించారు, చూసినవాళ్లు నమ్మారు. నమూనాకు బరువు రావాలంటే సెకనుకు ఎక్కువ ఫ్రేములు తీయాలి: కొలత ఎంత తగ్గిందో దాని వర్గమూలంతో 24ను గుణించండి. పదహారో వంతు నమూనాకు వర్గమూలం 4, అంటే సెకనుకు 96 ఫ్రేములు. నీళ్లతో తీసే నమూనాను మాత్రం వీలైనంత పెద్దదిగా చేయండి, నీటిబొట్టు కొలత తగ్గదు కనుక చిన్న నమూనా వెంటనే దొరికిపోతుంది.

అడుగు 11: నీటి మీద భద్రత

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి ఎన్ని ప్రాణాలు పోయాయో ఈ జిల్లాల్లో ఎవరూ మరవలేదు. పడవ మీద ఉన్న ప్రతి ఒక్కరికీ, లైట్‌మ్యాన్ నుంచి టీ ఇచ్చే కుర్రాడి దాకా, లైఫ్ జాకెట్ ఉండాలి. నటుల జాకెట్ దుస్తుల లోపల సన్నగా కుట్టించండి. పక్కన ఒక ఖాళీ పడవ, ఈత వచ్చిన స్థానిక మత్స్యకారులు, ఊబి ఎక్కడుందో తెలిసిన ఒక పెద్దమనిషి ఎప్పుడూ ఉండాలి. ఆయన వద్దంటే షాటు వద్దు. నిర్మాత ఫోనులో ఎంత తొందరపెట్టినా అంతే.

అడుగు 12: శబ్దం, సర్టిఫికెట్

పార్కు మోటార్ల హోరులో సింక్ సౌండ్, అంటే షూటింగులోనే మాటలు రికార్డు చేయడం, కుదరదు, డబ్బింగుకు సిద్ధపడండి. అయితే చోటు శబ్దాలు మాత్రం విడిగా పట్టుకోండి: రేవు మెట్లకు నీరు తగిలే చప్పుడు, మడ అడవిలో పాటు వేళ బురద చిటపట, గెడ వేసి పడవ నెట్టేవాడి ఊపిరి, కాలువ లాకుల తలుపు కిర్రుమనడం. ఒక సౌండ్ రికార్డిస్టును యూనిట్ లేకుండా రెండు రాత్రులు ఒంటరిగా అక్కడ వదలండి. పార్కులో అన్ని శబ్దాలూ స్పీకర్లలోంచి వస్తాయి, అవతలి పాయలో ఒక్కటీ అలా రాకూడదు. రీరికార్డింగులో ఈ తేడా పట్టించుకుంటే ప్రేక్షకుడికి లోకం మారిందని కళ్లకంటే ముందు చెవులే చెబుతాయి.

సెన్సారుకు వెళ్లేటప్పుడు, కొత్త విభజనలో యు/ఎ సర్టిఫికెట్ 7+, 13+, 16+ అని మూడుగా ఉందని గుర్తుంచుకోండి. ఈ సినిమా ముందుగా చేరవలసింది పిల్లలకే కనుక యు గానీ యు/ఎ 7+ గానీ వచ్చేలా ఎడిటింగులోనే చూసుకోవాలి. ఇసుక మాంత్రికుడి నెత్తురును ఎర్రగా చూపించకుండా, తడి ఇసుక రంగులో చూపిస్తే భయమూ తగ్గదు, కత్తెరా పడదు.